బురద ట్రైల్ తర్వాత ఫోర్ బై ఫోర్ బండి: కడగడం నుంచి అప్‌గ్రేడ్ దాకా, ఏది ముందు ఏది తర్వాత

వానాకాలం మొదలైందంటే చాలు, ఒకే ప్రశ్న మళ్ళీ మళ్ళీ వస్తుంది. "ఆదివారం వికారాబాద్ వైపు వెళ్ళొచ్చాం, బండి నిండా బురద. వాటర్ సర్వీసింగ్ చేయిస్తే సరిపోతుందా, ఇంకేమైనా చూపించాలా?" దాని వెంటే ఇంకోటి. "లిఫ్ట్ కిట్ (బండి ఎత్తు పెంచే సామాను) వేయిద్దామనుకుంటున్నా, ఏది మంచిది?"

ఈ రెంటికీ జవాబు ఒక్కచోటే ఉంది, బండి కింద. ట్రైల్ తర్వాత ఓపిగ్గా కిందకి దూరి చూస్తే ఏది బాగుచేయాలో తెలుస్తుంది, ఏది మార్చాలో కూడా తెలుస్తుంది. అందుకే కడగడం, చూడటం, ఆయిళ్ళు, రిపేర్లు, చివర్లో అప్‌గ్రేడ్ అనే వరుసలో రాస్తున్నాను. ఈ వరుస తప్పితే డబ్బు రెండుసార్లు ఖర్చవుతుంది.

థార్, జిమ్నీ, గూర్ఖా, పాత జిప్సీ, వీ-క్రాస్, హైలక్స్ లాంటి ఛాసిస్ బండ్లన్నిటికీ ఇది పనికొస్తుంది. ఆయిల్ గ్రేడు, బోల్టు ఎంత బిగించాలి అన్న అంకెలు మాత్రం మీ బండి మాన్యువల్‌లోవే తీసుకోండి.

1. తారు రోడ్డు ఎక్కే ముందు

ట్రైల్ అయిపోగానే అందరికీ ఆకలి, ఇంటికెళ్ళాలన్న తొందర. అయినా ఇక్కడ ఒక పావుగంట ఆగండి. ఓఆర్ఆర్ (హైదరాబాద్ అవుటర్ రింగ్ రోడ్డు) మీద వంద స్పీడులో వెళ్తున్నప్పుడు బయటపడే సమస్యల్లో సగం ఇక్కడే దొరుకుతాయి.

- టైర్లలో గాలి తగ్గించి ఉంటే డ్రైవర్ డోర్ దగ్గర స్టిక్కర్ మీద రాసినంత మళ్ళీ నింపండి. 18-20 పీఎస్ఐతో హైవే ఎక్కితే టైరు పక్కగోడ వేడెక్కి లోపల్లోపలే చెడిపోతుంది.
- రిమ్ము లోపలి వైపు అతుక్కున్న బురదను కర్రతో గీకెయ్యండి. ఒక్క చక్రంలో గట్టి ముద్ద ఉన్నా స్టీరింగ్ వణుకుతుంది.
- ఫోర్ లో నుంచి, ఫోర్ హై నుంచి టూ హైకి (నాలుగు చక్రాల డ్రైవ్ నుంచి రెండు చక్రాల డ్రైవ్‌కి) వచ్చారో లేదో చూసుకోండి. లివరు బిగుసుకుంటే బలవంతం చేయొద్దు. నాలుగు మీటర్లు వెనక్కి నడిపితే ఇరుసుల మధ్య బిగింపు వదులై దానంతటదే పడుతుంది.
- వంగి కిందకి చూడండి. వేలాడే వైరు, కారే ఆయిలు, తీగలు చుట్టుకున్న ప్రొపెల్లర్ షాఫ్ట్ (ఇంజిన్ బలాన్ని ఇరుసుకు చేర్చే గొట్టం) ఉన్నాయేమో.
- కదిలాక బ్రేకు మీద కాలు తేలిగ్గా ఆనించి కొంతదూరం నెమ్మదిగా వెళ్ళండి. బ్రేకులు ఆరాలి.

2. ఇంటికి చేరిన రాత్రి

తడి బ్రేకులతో హ్యాండ్‌బ్రేకు లాగి వదిలేయొద్దు. థార్, జిమ్నీ, వీ-క్రాస్ లాంటి వాటిలో వెనక డ్రమ్ బ్రేకులు ఉంటాయి. లోపల బురదనీళ్ళు ఉంటే తెల్లారేసరికి షూలు డ్రమ్ముకు పట్టేస్తాయి. సమతలం మీద ఆపి, గేరులో పెట్టి, చక్రానికి రాయి అడ్డంపెట్టండి.

కార్పెట్లు ఎత్తి చూడండి. లోపలికి నీళ్ళు వచ్చి ఉంటే ఆ రాత్రే తలుపులు తెరిచి ఫ్యాను పెట్టండి. సీటు కింద కనెక్టర్లు తడిలో ఉండకూడదు.

కడగడం మాత్రం ఒకటి రెండు రోజులకు మించి వాయిదా వేయొద్దు. హైదరాబాద్ చుట్టుపక్కల ఎర్రమట్టి, గరపనేల ఎక్కువ. అది ఎండినా దులిపితే రాలుతుంది. వికారాబాద్, తాండూరు, జహీరాబాద్ వైపు నల్లరేగడి అలా కాదు. నీళ్ళు తాగితే ఉబ్బుతుంది, ఎండితే బిగుసుకుని రాయవుతుంది. రేడియేటర్ రెక్కల మధ్య, డ్రమ్ములో, ఛాసిస్ లోపల అది ఎండిపోయిందంటే ఇక కడగడం కాదు, తవ్వడమే.

3. కడగడం: ప్రెషర్ కాదు, ఓపిక కావాలి

అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఇది కుదరదు. ఆ బురద డ్రైనేజీకి అడ్డంపడుతుంది, తాగునీళ్ళూ వృథా. బండిని లిఫ్ట్ మీద పైకెత్తే వాటర్ సర్వీసింగ్ సెంటర్‌కి తీసుకెళ్ళండి. తాళం ఇచ్చి వెళ్ళిపోకుండా దగ్గరే నిలబడి, ఎక్కడ కొట్టాలో ఎక్కడ కొట్టకూడదో చెప్పండి.

ముందు బండి చల్లారాలి. వేడి డిస్కుల మీద, టర్బో మీద, సైలెన్సర్ మీద చల్లటి నీళ్ళు పడితే అవి వంకరపోవచ్చు, పగలొచ్చు.

వరుస ఇది:

1. మామూలు పైపుతో కింద మొత్తం తడిపి పావుగంట నాననివ్వండి. ఈ ఒక్క మెట్టు వదిలేసే చాలామంది తర్వాత ప్రెషర్‌తో సీళ్ళు పాడు చేస్తారు.
2. వీల్ ఆర్చులు, బంపర్ల లోపలి అంచులు, స్కిడ్ ప్లేటు (బండి అడుగున రక్షణ రేకు) పైభాగం. స్కిడ్ ప్లేటు పైన తట్టెడు మట్టి నిలిచి ఉంటుంది. వీలైతే విప్పి కడగండి.
3. ఛాసిస్ పొడుగునా ఉన్న రంధ్రాల్లోకి పైపు పెట్టి, రెండో చివర నుంచి తేట నీళ్ళు వచ్చేదాకా వదలండి. తుప్పు ఇక్కడి నుంచే మొదలవుతుంది.
4. డిఫరెన్షియల్ హౌసింగ్ (ఇరుసు మధ్యలో గేర్లుండే ఉబ్బెత్తు పెట్టె), స్ప్రింగులు, కమాను పట్టీల మధ్య సందులు.
5. చివరగా రేడియేటర్. ఇంజిన్ వైపు నుంచి బయటికి, తక్కువ ధారతో. ముందు నుంచి కొడితే మట్టి ఇంకా లోపలికి దిగుతుంది, రెక్కలు వంగిపోతాయి.

ప్రెషర్ గన్ దగ్గరగా పెట్టకూడని చోట్లు: ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాసులు (షాఫ్ట్ చివర్లలో జాయింట్లు), ఇరుసు చివర ఆయిల్ సీళ్ళు, బ్రీదర్ (ఇరుసు గాలి పీల్చి వదిలే రంధ్రం) మూతలు, ఆల్టర్నేటర్, వైరింగ్ కనెక్టర్లు, రబ్బరు బూట్లు.

ఇంకో ముఖ్యమైన మాట. సర్వీసింగ్ అయ్యాక కింద డీజిలో, వాడేసిన ఇంజిన్ ఆయిలో కొట్టి మెరిపించే అలవాటు మన దగ్గర ఇంకా ఉంది. వద్దని గట్టిగా చెప్పండి. అది బుష్షుల రబ్బరును ఉబ్బించి మెత్తబరుస్తుంది. దానికి దుమ్ము పట్టి, రేపు ఏదైనా కొత్త లీకు వచ్చినా కనబడదు.

4. ఆరాక కిందకి దూరి చూడటం

టార్చి, ఒక రాడ్డు, సుద్దముక్క, ఫోన్ కెమెరా చాలు. బండి జాకీ మీద ఉండగా కిందకి దూరొద్దు. స్టాండ్లు పెట్టండి, నేల మీదున్న చక్రాలకు రాళ్ళు పెట్టండి. ఈ విషయంలో ఎంత అనుభవం ఉన్నవాళ్ళకైనా మినహాయింపు లేదు.

ముందు నుంచి వెనక్కి ఒకే దారిలో వెళ్ళండి. అనుమానం వచ్చిన ప్రతిచోటా సుద్దతో గీసి ఫోటో తీయండి.

- చక్రం ఊపి చూడటం: చక్రాన్ని లేపి పైనా కిందా పట్టుకుని ఊపండి. ఆట ఉంటే వీల్ బేరింగ్ లేదా బాల్ జాయింట్. కుడి ఎడమలు పట్టుకుని ఊపితే వచ్చే ఆట ఎక్కువగా స్టీరింగ్ ఎండ్‌ది.
- రబ్బరు బూట్లు: చిన్న చీలిక ఉన్నా చుట్టుపక్కల గ్రీజు చిమ్మి ఉంటుంది. బూటు ఇప్పుడే మారిస్తే చిన్న ఖర్చు. వదిలేస్తే లోపల జాయింటే పోతుంది.
- షాకబ్జర్లు: రాడ్డు మీద తేమ పొర పర్లేదు. కారిన జాడ ఉంటే పోయినట్టే. అడుగు బోల్టు దగ్గర బుష్షు కూడా చూడండి.
- కమాన్లు: వీ-క్రాస్, జిప్సీ లాంటి వాటిలో పట్టీ విరిగిందా, యూ-బోల్టు వదులైందా, సెంటర్ బోల్టు తెగి ఇరుసు పక్కకి జరిగిందా.
- ఛాసిస్: స్ప్రింగు, స్టీరింగ్ బాక్సు, షాకబ్జర్ బిగించే బ్రాకెట్ల చుట్టూ వెల్డింగ్ దగ్గర సన్నటి తుప్పు గీత కనిపిస్తే అది గీత కాదు, పగులు. రంగు వేసి కప్పొద్దు.
- టైరు పక్కగోడ: లోపలి వైపు కూడా. దారాలు కనిపించినా, బుడగ లేచినా ఆ టైరు అయిపోయింది. పక్కగోడకు పంక్చర్ వేయించడం ప్రాణాలతో ఆట.
- బ్రేకు పైపులు, ఏబీఎస్ సెన్సర్ వైర్లు: కొమ్మలకు తగిలి క్లిప్పులోంచి ఊడి టైరుకు రాసుకుంటున్నాయేమో.

మన చుట్టుపక్కల గుట్టల్లో గ్రానైట్ బండలకు తగిలిన దెబ్బ పైకి చిన్న సొట్టలా కనిపిస్తుంది. అది డిఫరెన్షియల్ మూత మీద పడితే లోపల క్రౌన్ వీలుకు (డిఫరెన్షియల్ లోపలి పెద్ద గేరు) రాసుకునే ప్రమాదం ఉంది. ట్యాంకు, సంపు (ఇంజిన్ ఆయిల్ తొట్టి), ట్రాన్స్‌ఫర్ కేసు (బలాన్ని ముందు వెనక ఇరుసులకు పంచే గేర్ల పెట్టె) మీద సొట్టలనూ తేలిగ్గా వదిలేయొద్దు.

5. ఆయిళ్ళు: ఎక్కువమంది వదిలేసేది ఇదే

గంటసేపు నడిచి వేడెక్కిన ఇరుసు ఒక్కసారిగా వాగులోకి దిగితే లోపలి గాలి చల్లబడి కుదించుకుపోతుంది. ఆ లోటు పూడ్చుకోవడానికి బ్రీదర్ ద్వారా బయటి గాలిని లాగుతుంది. బ్రీదర్ బురదతో మూసుకుపోయినా, నీళ్ళలో మునిగినా సీళ్ళ పక్క నుంచో, ఆ బ్రీదర్ నుంచో నీళ్ళే లోపలికి వస్తాయి. బయటికి ఏమీ తెలియదు. వేల కిలోమీటర్ల తర్వాత వెనక నుంచి "ఊఁ" అని మోత మొదలయ్యేసరికి బేరింగులు, క్రౌన్ పినియన్ అరిగిపోయి ఉంటాయి.

అందుకే నీళ్ళు చక్రం మధ్యభాగం దాకా వచ్చిన ప్రతి ట్రైల్ తర్వాత ఇలా చూడండి:

1. బండిని సమతలం మీద రాత్రంతా కదపకుండా ఉంచండి. నీళ్ళు ఆయిల్ కన్నా బరువు, అడుగుకి చేరతాయి.
2. ముందు పైన ఉన్న ఫిల్లర్ ప్లగ్గు విప్పండి. అది ఊడుతుందని తేలాకే కింది డ్రెయిన్ ప్లగ్గు ముట్టుకోండి. ఆయిలంతా కార్చేశాక పైది బిగుసుకుపోతే బండి అక్కడే ఆగిపోతుంది.
3. డ్రెయిన్ ప్లగ్గు కొంచెమే వదులు చేయండి. మొదట వచ్చే చుక్కలు నీళ్ళైనా, ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉన్నా పూర్తిగా మార్చాలి.
4. ప్లగ్గు అయస్కాంతానికి మెత్తటి బూడిదరంగు పొర మామూలే. పెచ్చులు, పళ్ళ ముక్కలు ఉంటే హౌసింగ్ తెరవాల్సిందే.
5. కొత్త వాషర్ వేసి బిగించి, ఫిల్లర్ రంధ్రం నుంచి సన్నగా కారేదాకా నింపండి.
6. నీళ్ళు ఎక్కువ వచ్చి ఉంటే కొద్ది దూరం నడిపి మళ్ళీ ఒకసారి మార్చండి. మొదటిసారి మొత్తం బయటికి రాదు.

ముందు డిఫరెన్షియల్, వెనక డిఫరెన్షియల్, ట్రాన్స్‌ఫర్ కేసు, గేర్‌బాక్సు నాలుగూ వేరువేరు గదులు. ఒకటి బాగుంటే మిగతావీ బాగున్నట్టు కాదు. అన్నిటికీ ఒకే డబ్బా ఆయిల్ పోయడం ఇక్కడ జరిగే పెద్ద తప్పు. డిఫరెన్షియల్‌కి పోసే జీఎల్-5 ఆయిల్, జీఎల్-4 అడిగే గేర్‌బాక్సులో పోస్తే ఇత్తడి సింక్రో రింగులు పాడయ్యే అవకాశం ఉంది. లాకింగ్ లేదా లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ ఉంటే దానికి ఏ ఆయిల్ చెప్పారో మాన్యువల్ చూసే కొనండి.

ఇంజిన్ ఆయిల్ డిప్‌స్టిక్ తీసి రంగు చూడండి. డీజిల్ బండైతే ఫ్యూయల్ ఫిల్టర్ అడుగున నీళ్ళు తీసే మర ఉంటే అదీ వదిలి చూడండి.

6. బ్రేకులు, గ్రీజు

వెనక డ్రమ్ములు విప్పండి. దోసెడు నల్లమట్టి రాలినా ఆశ్చర్యపోవద్దు. బ్రేక్ క్లీనర్ కొట్టి, బ్రష్షుతో తుడవండి. పెట్రోల్, డీజిల్ వాడొద్దు, లైనింగ్ పీల్చుకుంటుంది. ముందు కాలిపర్ల స్లైడ్ పిన్నులు వేలితో కదిలేంత తేలిగ్గా ఉండాలి. బిగుసుకుంటే శుభ్రం చేసి బ్రేకులకు వాడే సిలికాన్ గ్రీజు రాయండి. మామూలు గ్రీజుకు ఆ రబ్బరు ఉబ్బుతుంది.

ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాసులకు నిప్పుల్ ఉంటే పాత గ్రీజు బయటికి నెట్టుకొచ్చి కొత్తది కనిపించేదాకా గన్ కొట్టండి. ముందు నిప్పుల్ తుడవాలి, లేదంటే ఆ మట్టినే లోపలికి పంపినట్టు. చాలా కొత్త బండ్లలో సీల్డ్ జాయింట్లే. వాటిలో ఆట, తుప్పు రంగు పొడి వస్తున్నాయేమో చూడటమే మనం చేయగలిగింది.

7. గాలి, కూలింగ్, వైరింగ్

ఎయిర్ ఫిల్టర్ బాక్సు తెరిచి అడుగు తడిమి చూడండి. కాగితం ఫిల్టర్ తడిస్తే మార్చండి, ఆరబెట్టి వాడొద్దు. కంప్రెషర్ గాలితో గట్టిగా కొడితే కంటికి కనబడని చిల్లులు పడతాయి. నీళ్ళలో ఇంజిన్ ఆగిపోయి ఉంటే మళ్ళీ సెల్ఫ్ కొట్టనే వద్దు. సిలిండర్లోకి నీళ్ళు చేరి ఉంటే కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. బండిని లాగించుకుని వెళ్ళండి.

కూలెంట్ తగ్గితే బోరు నీళ్ళు పోయొద్దు. హైదరాబాద్ బోరు నీళ్ళలో ఉప్పు ఎక్కువ, లోపల పొర కడుతుంది. మాన్యువల్‌లో చెప్పిన కూలెంట్, డీమినరలైజ్డ్ వాటర్ కలిపే పోయండి.

తడిసిన కనెక్టర్లు విప్పి, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, ఆరాక పెట్టండి. బ్యాటరీ క్లాంపు బిగించండి.

8. లక్షణాన్ని బట్టి ఎక్కడ మొదలుపెట్టాలి

- సిటీలో బాగానే ఉండి ఓఆర్ఆర్ మీద టెంపరేచర్ పెరిగితే: రేడియేటర్, ఏసీ కండెన్సర్ మధ్య చిక్కుకున్న మట్టి, గడ్డిగింజలు.
- 80 దాటగానే వణుకు: రిమ్ములో బురద, తర్వాత బ్యాలెన్సింగ్, ఆ తర్వాతే షాఫ్ట్.
- గేరు వేయగానే కింద "టక్": షాఫ్ట్ క్రాసు, కమాను యూ-బోల్టు.
- బండి ఒక పక్కకి లాగితే: టైరు గాలి, పట్టేసిన కాలిపర్, ఆఖరున అలైన్‌మెంట్. వంగిన స్టీరింగ్ రాడ్డు మార్చకుండా అలైన్‌మెంట్ చేయిస్తే అది నిలవదు.
- పై గేరులో యాక్సిలరేటర్ తొక్కితే మోత పెరిగి వేగం పెరగకపోతే: క్లచ్ అరిగింది.

9. విడిభాగాలు కొనేటప్పుడు

బేరింగ్, ఆయిల్ సీల్ మీద నంబరు ఉంటుంది. పాతది చేతిలో పట్టుకుని సికింద్రాబాద్ రాణిగంజ్ విడిభాగాల షాపులకు వెళ్ళండి, బిల్లు తీసుకోండి. బోల్టు తల మీద 8.8 లేదా 10.9 అని ఉంటే అదే గ్రేడు కొనాలి. సస్పెన్షన్‌లో, సీటు బెల్టు దగ్గర మామూలు హార్డ్‌వేర్ షాపు బోల్టు వేస్తే విరుగుతుంది.

కమాను పట్టీ పనికి, ఛాసిస్ వెల్డింగ్‌కి వనస్థలిపురం ఆటోనగర్‌లో లారీ పనిచేసే చేతులు ఉన్నాయి. వెల్డింగ్‌కి ముందు బ్యాటరీ కనెక్షన్ తీయించండి, వెల్డింగ్ కరెంటుకు ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) పాడవకుండా చూడమని గుర్తుచేయండి. ఎర్త్ క్లాంపు వెల్డింగ్ చేసే చోటికి దగ్గర్లోనే పెట్టమనండి. కరెంటు బేరింగుల గుండా పోకూడదు.

10. ఇప్పుడు అప్‌గ్రేడ్: దెబ్బ తగిలిన వరుసలోనే

మీరు తీసిన ఫోటోలు ముందేసుకోండి. డబ్బు ఎక్కడ పెట్టాలో అవే చెబుతాయి. నేనైతే ఈ వరుసలో వెళ్తాను.

లాగే హుక్కులు. ఛాసిస్‌కి బిగించిన, బరువు రేటింగ్ ఉన్న రికవరీ పాయింట్లు ముందూ వెనకా. ట్రైలర్ బంతికి తాడు కట్టి లాగొద్దు. అది విరిగితే తూటాలా వస్తుంది. ముప్పావు అంగుళం బో షాకిల్‌కి (తాడును రికవరీ పాయింటుకు కలిపే ఉక్కు కొక్కెం) 4.75 టన్నుల వర్కింగ్ లోడ్ అని ముద్ర ఉంటుంది, ముద్ర లేనిది కొనొద్దు.

బ్రీదర్ పైపులు. చవక పని, లాభం చాలా ఎక్కువ. ఇరుసుల బ్రీదర్లను పైపుతో ఇంజిన్ గది పైభాగం దాకా తీసుకెళ్ళడమే. ఇరుసు పైకీ కిందకీ ఆడటానికి పైపు కొంచెం వదులుగా ఉండాలి.

టైర్లు. వారమంతా గచ్చిబౌలి ఆఫీసుకి, నెలకోసారి ట్రైల్‌కి వెళ్ళే బండికి ఆల్ టెరైన్ చాలు. మడ్ టెరైన్ బురదలో బాగుంటుంది, తడి తారు మీద పట్టు తక్కువ, మోత ఎక్కువ. కంపెనీ సైజు దాటితే గేరింగ్ బరువెక్కుతుంది, స్పీడోమీటర్ తక్కువ చూపిస్తుంది, పూర్తిగా తిప్పినప్పుడు ఆర్చుకు రాసుకుంటుంది.

అడుగు రక్షణ. బండకు తగిలిన గుర్తులు ఎక్కడున్నాయో అక్కడే ప్లేటు. డ్రెయిన్ ప్లగ్గుకి, మట్టి రాలడానికి రంధ్రాలు ఉన్నదే తీసుకోండి.

సస్పెన్షన్. షాకబ్జర్లు అలసిపోయి ఉంటే ముందు అవి మంచివి వేయించి నడపండి. లిఫ్ట్ అక్కర్లేదని చాలామందికి అప్పుడే తెలుస్తుంది. ఇంకా కావాలంటే 40 మిల్లీమీటర్ల లోపే ఉండండి. అంతకు మించితే షాఫ్ట్ కోణాలు, బ్రేకు గొట్టాల పొడవు, హెడ్‌లైట్ల ఎత్తు ఒకదాని వెంట ఒకటి సరిచేయాలి. స్ప్రింగుల మధ్య స్పేసర్ పెట్టి ఎత్తు పెంచేస్తే షాకబ్జర్ పొడవు మారదు, ప్రతి గుంతలో చివరంటా సాగి పోతుంది.

వించి (ఇరుక్కున్న బండిని తాడుతో లాగే మోటారు). బండి నిండు బరువుకి కనీసం ఒకటిన్నర రెట్లు లాగగలగాలి. వించి, ఉక్కు బంపరు కలిపి ముందు ఇరుసు మీద చాలా బరువు పడుతుంది. బిగించక ముందూ తర్వాతా ధరమ్‌కాంటా (వేబ్రిడ్జి) మీద ముందు చక్రాలు, వెనక చక్రాలు విడివిడిగా తూయించండి.

అదనపు లైట్లు. రిలే, ఫ్యూజు లేకుండా కంపెనీ వైరును గీకి అతికించొద్దు. బండ్లు కాలిపోవడం ఇలాగే మొదలవుతుంది.

స్నార్కెల్ (ఇంజిన్‌కి గాలిని పై నుంచి తెచ్చే గొట్టం) పెట్టుకుంటే నీళ్ళలో ఎంతదూరమైనా పోవచ్చనుకోవద్దు. కొత్త థార్‌కి కంపెనీ చెప్పిన హద్దు 650 మిల్లీమీటర్లు. స్నార్కెల్ వేసినా ఆల్టర్నేటర్, కనెక్టర్లు, తలుపులు అదే ఎత్తులో ఉంటాయి.

11. డబ్బు కట్టే ముందు చట్టం

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ నిర్దేశించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 సవరణతో వచ్చిన 182ఏ కింద అనుమతి లేని ఒక్కో మార్పుకి యజమానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. క్రాష్ గార్డులు, బుల్ బార్ల మీద చర్యలు తీసుకోమని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది.

కంపెనీ యాక్సెసరీ జాబితాలో ఉన్నవాటిని ముందు చూడండి. మిగతావి బిగించే ముందు ఆర్టీఏ ఆఫీసులో అడగండి, ఇన్సూరెన్స్ కంపెనీకి రాతపూర్వకంగా చెప్పండి. చెప్పని మార్పు వల్ల క్లెయిము ఆగిపోతే నష్టం వించి ఖరీదు కన్నా చాలా ఎక్కువ.

12. బిగించాక

కొత్త భాగం ఏదైనా వేసిన మొదటి 50-100 కిలోమీటర్లలో ఒకసారి మళ్ళీ బిగించాలి. చక్రాల నట్లు ఎదురెదురుగా, టార్క్ రెంచితో. బిగించిన ప్రతి బోల్టు మీద తెల్ల పెయింటు గీత గీయండి. గీత పక్కకి జరిగితే వదులైనట్టు, రెంచి లేకుండానే తెలిసిపోతుంది.

సస్పెన్షన్ బుష్షు బోల్టులను మాత్రం బండి చక్రాల మీద నిలబడి ఉన్నప్పుడే చివరి బిగింపు బిగించమనండి. గాల్లో వేలాడుతుండగా బిగిస్తే కిందకి దించగానే రబ్బరు మెలితిరిగి, కొద్ది నెలల్లోనే చినిగిపోతుంది. లిఫ్ట్ వేసిన బండికి అలైన్‌మెంట్ ఆ రోజే చేయించినా, స్ప్రింగులు సర్దుకున్నాక 500 కిలోమీటర్ల దగ్గర ఇంకోసారి చేయించండి. హెడ్‌లైట్లు కిందకి దించడం కూడా ఆ రోజే అడగండి. లేకపోతే ఎదురుగా వచ్చేవాళ్ళ కళ్ళల్లో పడతాయి.